దూరం ఖరీదు

ప్రయాణంలో ఉంటూ ఉద్యోగం చేసుకోవడం అనగానే చాలామందికి గోవా సముద్రతీరమో, మనాలి మంచుకొండలో, అరకు కాఫీ తోటలో గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఈ పనిలోని మెళకువలు నేర్పింది సూరత్. అక్కడికి విహారానికి వచ్చేవాళ్లు తక్కువ. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, పని చూసుకుని పోయేవాళ్లు, పని కోసం అక్కడే ఉండిపోయినవాళ్లు, ఊరంతా వీళ్లే. అందుకేనేమో, దూరాన ఉండి చేసే పని గురించి ఆ ఊరు చెప్పినంత సూటిగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. దూరానికి ఎప్పుడూ ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు కట్టి తీరాలి. ఆ కట్టేది ఎవరో ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవడమే ఈ విద్యలో అసలైన నేర్పు.

ఫోన్లలో వాడే యాప్‌లకూ, యంత్రాల వెంట వచ్చే వాడుక పుస్తకాలకూ తెలుగు పాఠం సరిదిద్దడం నా పని. పని ఇచ్చే ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. మా మేనత్త కుటుంబం చాలా ఏళ్ల కిందటే సూరత్ వెళ్లి లింబాయత్‌లో స్థిరపడింది. మామయ్యకు ఒంట్లో బాగుండని రోజుల్లో తోడుగా ఉండటానికి, సెలవు పెట్టకుండా ల్యాప్‌టాప్ వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాను. ఆ రాకపోకలే అలవాటయ్యాయి.

సూరత్‌కు దూరం లెక్కలు కొత్త కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మన మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో వర్తకశాలలు పెట్టింది. అక్కడి గుమాస్తాలు లండన్‌కు ఒక ఉత్తరం రాస్తే జవాబు చేతికందడానికి ఏడాది పైనే పట్టేది. పైవాళ్ల మాట కోసం ఆగుతూ కూర్చుంటే సరుకు చేజారిపోయే రోజులవి. ఏది తామే నిర్ణయించుకోవచ్చో, ఏది అడగకుండా చేయకూడదో ముందే తెలుసుకుని ఉండాల్సిన ఉద్యోగం అది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఎక్కడినుంచో చేసే ఉద్యోగమే.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆ శతాబ్దంలోనే సూరత్‌కూ గోల్కొండకూ మధ్య పలుమార్లు తిరిగాడు. ఆయన వెతుక్కుంటూ వచ్చింది కృష్ణ ఒడ్డునున్న మన కొల్లూరు గనుల వజ్రాలను. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో టావెర్నియర్ ఈ దేశపు ఉత్తరాల మోతను వర్ణించాడు. గుర్రపు రౌతు కంటే కాలినడక హర్కారా చేతి ఉత్తరమే ముందు చేరేదట. దారి పొడవునా రెండేసి లీగులకు ఒక గుడిసె ఉండేది. పరుగున వచ్చినవాడు ఉత్తరాన్ని గుడిసె వాకిట పడేసేవాడు, అక్కడ సిద్ధంగా ఉన్నవాడు దాన్ని తీసుకుని పరుగు అందుకునేవాడు. డబ్బు సంగతీ ఆయనే రాశాడు. సూరత్‌లో చెల్లేలా గోల్కొండలో రాసిన హుండీకి, అంటే డబ్బు చెల్లింపు పత్రానికి, నూటికి నాలుగైదు చొప్పున బట్టా పడేది, అదే అహ్మదాబాద్ నుంచయితే ఒకటీ ఒకటిన్నరే.

ఆ చిన్న బట్టా పట్టికను నేను చాలాసార్లు చదివాను. దూరం పెరిగేకొద్దీ, దారిలో ప్రమాదం పెరిగేకొద్దీ బట్టా పెరిగింది. అది ఎంతో అందరికీ తెలుసు, ఎవరు భరించాలో హుండీ రాసేటప్పుడే తేలిపోయేది. ఈనాటికీ సూరత్, ముంబైల మధ్య వజ్రాల పొట్లాలు మోసే ఆంగడియాలు అదే పద్ధతిలో బతుకుతున్నారు. లక్షల విలువచేసే పొట్లం మనిషి నడుముకు కట్టుకుని రైల్లో వెళుతుంది, మోసినందుకు ఇంత అని రుసుము ఉంటుంది. నమ్మకం ఉంది కదా అని మోత ఊరికే చేయరు.

ఇక నా ప్రయాణం. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బల్లార్షా, వార్ధా, భుసావల్ దాటి, నందుర్బార్ మీదుగా తాపీ లోయలోంచి సూరత్ చేరుతుంది. దారిలో వచ్చే నవాపూర్ స్టేషన్ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. ఇంత దారిలో ఫోన్ సిగ్నల్ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ పోతుందో కొన్ని ప్రయాణాల్లోనే తెలిసిపోతుంది. బల్లార్షాకు అటూ ఇటూ ఉన్న అడవిలోనూ, మళ్లీ నవాపూర్ నుంచి వ్యారా దాకా ఉన్న మెట్టల్లోనూ నేను దాని మీద ఆశ పెట్టుకోను.

అందుకని బయల్దేరే ముందు రాత్రే పనిని రెండుగా విడదీసుకుంటాను. చదవడం, తప్పులు దిద్దడం, తొలి చిత్తు రాయడం రైలు పనులు. వాటికి కావలసిన ఫైళ్లన్నీ ముందే ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటాను. ధర మాట్లాడటం, గడువుకు ఒప్పుకోవడం, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం, ఇద్దరి మధ్య వచ్చిన మాటపట్టింపు తీర్చడం రైల్లో చేయకూడని పనులు. సగం వినబడి సగం వినబడని ఫోన్‌లో ‘సరే’ అన్న ఒక్క మాట తర్వాత వారం రోజుల చాకిరీగా మారుతుంది. పక్క బెర్తులో పసిపాప నిద్రపోతుంటే ఆఫీసు లెక్కలు బిగ్గరగా మాట్లాడటం ఆ తల్లికీ అన్యాయమే, నమ్మి లెక్కలు అప్పగించినవాళ్లకూ అన్యాయమే.

రోజు పని ముగించేటప్పుడు నాలుగు వాక్యాలు రాసి పంపిస్తాను. ఎంతవరకు అయింది, ఏది ఆగింది, ఎవరి జవాబు కోసం ఆగింది, మళ్లీ ఏ గంటకు దొరుకుతాను. ఈ నాలుగూ రాస్తే అవతలివాళ్లు నా కోసం ఎదురుచూస్తూ తమ గంటలు పోగొట్టుకోరు. దూరానికి నేను కట్టాల్సిన మొదటి బట్టా ఇదేనని నా లెక్క. ఊళ్లు తిరిగే సుఖం నాది అయినప్పుడు, దానివల్ల వచ్చే గందరగోళం ఆఫీసులో కూర్చున్న సహోద్యోగి నెత్తిన పడకూడదు.

లింబాయత్‌లో పని రైల్లో పనికన్నా కష్టం. ఇల్లు ఒక గది, వంటిల్లు. సందు చివర సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటాయి, పగలూ రాత్రీ ఆ చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంటుంది. తెల్లవారకముందే లేచి కుళాయి నీళ్లు వచ్చే వేళ దాకా రాత పని చేస్తాను. ఇంట్లోవాళ్లు లేచి తిరగడం మొదలుపెట్టాక ఘోడ్ దోడ్ రోడ్డులో ఉన్న కవి నర్మద్ సెంట్రల్ లైబ్రరీకి వెళతాను. అది సూరత్ నగరపాలక సంస్థ నడిపే గ్రంథాలయం, ఆ ఊళ్లోనే పుట్టిన గుజరాతీ కవి నర్మద్ పేరు పెట్టారు. అక్కడ ఫోన్ మాట్లాడకూడదు కాబట్టి మీటింగులన్నీ మధ్యాహ్నం రెండు గంటల వ్యవధిలోకి సర్దుకుని, ఆ రెండు గంటలకూ అడాజన్ వైపు ఒక కుర్చీ బల్ల అద్దెకు తీసుకుంటాను. ఎక్కడినుంచైనా చేయగలిగే పని అంటారు గానీ, ఏ పని ఏ చోట చేయాలో తెలిసినవాళ్లకే అది సాధ్యం.

ఇదంతా మోసుకుపోగలిగిన పని కథ. లింబాయత్ కట్టుకున్నది మోసుకుపోలేని పనితో. మరమగ్గాన్ని సంచిలో పెట్టుకుని ఊరికి తీసుకుపోలేం కాబట్టి మనుషులే మగ్గం దగ్గరికి వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు తరతరాలుగా షోలాపూర్, భీవండి, ముంబై, సూరత్‌లకు వలస పోయారు. లింబాయత్, ఉధనా, గోడాదరా, పర్వత్ పాటియా వైపు సందుల్లో తిరిగితే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది, దసరాకు ముందు బతుకమ్మ కనబడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. సొంత రాష్ట్రానికి ఇంత దూరంలో ఒక నగరం మన పిల్లల కోసం తెలుగు బడి నడపడం గొప్ప సంగతి. అయినా ఆ బడి వెనకనున్న దూరాన్ని ఎవరు భరించారో మరిచిపోకూడదు. ఊళ్లో విడిచివచ్చిన తల్లిదండ్రులు, అందని పెళ్లిళ్లు, అందుకోలేని చావులు, ఇవన్నీ నేతగాళ్లు తమ సొంతంగా కట్టిన ఖరీదు. కూలి లెక్కలో మీటర్లు ఉంటాయి, ఇవి ఉండవు.

2020లో ఈ తేడా బట్టబయలైంది. లాక్‌డౌన్ ప్రకటించిన కొద్ది రోజులకే ల్యాప్‌టాప్‌తో చేసే ఉద్యోగాలు ఇళ్లలోకి వచ్చేశాయి, నెలజీతాలు నెలనెలా పడ్డాయి. అదే ఏప్రిల్‌లో సూరత్‌లో వలస కార్మికులు ఊళ్లకు పంపించమంటూ, బాకీపడ్డ కూలి ఇప్పించమంటూ రోడ్డెక్కారు. మే 1న వలస కార్మికుల కోసం మొట్టమొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. ఆ నవంబర్‌లో టెలికాం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థల నిబంధనలు సడలించి, ఉద్యోగులు దేశంలో ఎక్కడినుంచైనా పనిచేయవచ్చంది. మంచి నిర్ణయమే. దాని మేలు నేను రోజూ అనుభవిస్తున్నాను. అయితే ఎక్కడినుంచైనా పనిచేసే హక్కు గురించి మాట్లాడిన ప్రతిసారీ, పని ఉన్నచోటికే పోక తప్పనివాళ్ల ముఖం నాకు గుర్తుకు రావాలి.

మా అత్తమ్మ ఆ రెండు తెగలకూ మధ్యన ఉంది. ఆమె కూడా ఇంటి నుంచే పనిచేస్తుంది. ఎంబ్రాయిడరీ మిషన్ మీద కుట్టిన చీరలకు వెనకవైపు దారాలు వేలాడుతుంటాయి. వాటిని గుడ్డకు కత్తెర తగలకుండా కత్తిరించాలి. ‘దాగా కటింగ్’ అంటారు. చీరల మూట ఆమే వెళ్లి తెచ్చుకుంటుంది, పని పూర్తయ్యాక ఆమే మోసుకెళ్లి అప్పగిస్తుంది. చీరకు ఇంత అని ఇస్తారు. కత్తెర ఎక్కడైనా గుడ్డకు తగిలిందా, కూలిలో కోతే. ఆ సందులో ఆడవాళ్లు కొందరు దారాలు కత్తిరిస్తారు, కొందరు చీరలకు రాళ్లు అతికిస్తారు, కొందరు లేసు కుడతారు. రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లలో తళతళలాడే చీరల్లో ఎన్నింటికో చివరి పని జరిగింది ఇలాంటి ఇళ్ల నేల మీదనే.

ఒక సాయంత్రం ఆమె దారాలు కత్తిరిస్తూ నన్ను అడిగింది.

“గా డబ్బా ముందట కూసుంటే నీకు పైసలెవలిస్తరు బిడ్డా?”

“హైదరాబాద్‌ల ఆఫీసోళ్లిస్తరు అత్తమ్మా.”

“మరి గీ కరెంటు బిల్లు గూడ ఆళ్లే కడ్తరా?”

“లేదత్తమ్మా, అది మనదే.”

“గట్లయితే నీదీ నాదీ ఒక్క తీరు పనేరా.”

పనిలోని కిటుకంతా ఆ ఒక్క ప్రశ్నతో పట్టేసింది. గది మనది, దీపం మనది, కుర్చీ మనది, పాడైతే బాగుచేయించుకునే ఖర్చు మనది. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో చేయిస్తే యజమాని పెట్టుకోవాల్సిన ఖర్చు, పని ఇంటికి రాగానే చప్పుడు లేకుండా మన మీదికి వచ్చేస్తుంది. ఆ తర్వాత నేను మా ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఇంటర్నెట్ ఖర్చు, మీటింగుల కోసం అద్దెకు తీసుకునే బల్ల ఖర్చు సంస్థే ఇవ్వాలని, రాత్రి తొమ్మిది తర్వాత జవాబు ఆశించకూడదని అడిగాను. ఒప్పుకున్నారు, ఒప్పందంలో రాశారు. నువ్వు కూడా ఆటో కిరాయి అడుగు అత్తమ్మా అంటే ఆమె తల ఊపలేదు. “అడిగితే మూటలు పక్క గల్లీకి పోతయి బిడ్డా” అంది.

నేను అడగగలగడానికీ ఆమె అడగలేకపోవడానికీ కారణం నేర్పులో తేడా కాదు. ఆమె కత్తెర పట్టే తీరు చూస్తే అది నా సంపాదకత్వం కంటే ఏ రకంగానూ తక్కువ నైపుణ్యం కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. నా పేరు ఒక ఒప్పందంలో ఉంది, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తేడా అంతే.

దూరాన ఉండి ఉద్యోగం చేయడం అనే ఆలోచనకు 1973లో అమెరికా ఇంజనీరు జాక్ నిల్స్ పేరు పెట్టాడని పుస్తకాలు చెబుతాయి. రోజూ లక్షల మంది కార్లలో ఆఫీసుకు పోయే బదులు పనినే వాళ్ల దగ్గరికి పంపితే పోదా అన్నది ఆయన ప్రశ్న. సరిగ్గా దానికి ఏడాది ముందు, 1972లో, అహ్మదాబాద్‌లో ఇలా భట్ ‘సేవా’ సంఘాన్ని నిలబెట్టారు. ఇళ్లలో బీడీలు చుట్టేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, వీధుల్లో కూరగాయలమ్మేవాళ్లు అందులో సభ్యులు. మీకు యజమాని ఎవరో తెలియనప్పుడు కార్మిక సంఘం ఎలా అవుతుందని రిజిస్ట్రేషన్ దగ్గరే అధికారులు అడ్డుపడ్డారు. సంఘం పెట్టుకునేది యజమానితో కొట్లాటకే కానక్కర్లేదు, పనిచేసేవాళ్లు ఒక్కటి కావడానికి కూడా అని వాళ్లు వాదించి నెగ్గారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు మొట్టమొదట కావలసింది వేగమైన ఇంటర్నెట్ కంటే ముందు ఈ గుర్తింపేనని గుజరాత్ ఆడవాళ్లు యాభై ఏళ్ల కిందటే తేల్చిచెప్పారు.

ఆ పోరాటం జెనీవా దాకా వెళ్లింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి చేసే కూలిపని గురించి 177వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. యజమాని పనిచోట కాకుండా తన ఇంట్లోనో, తాను ఎంచుకున్న మరో చోటనో కూలికి పనిచేసేవాళ్లందరూ అందులోకి వస్తారు. మిగతా కార్మికులతో సమానంగా వాళ్లను చూడాలన్నది దాని సారం. 2021లో అదే సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారం కరోనాకు ముందు, 2019లో, ప్రపంచంలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు 26 కోట్ల మంది. వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. ఆ నివేదిక దారాలు కత్తిరించే చేతులనూ, ల్యాప్‌టాప్ మీద ఆడే చేతులనూ ఒకే పుస్తకంలో పెట్టింది. మా అత్తమ్మ అన్న మాటే అది. ఒడంబడికను ఆమోదించిన దేశాలు మాత్రం చాలా కొద్ది. భారతదేశం వాటిలో లేదు. మన 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఇంటి నుంచి పనిచేసే కార్మికులకు నిర్వచనం రాశారు, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్వచనం ఉండటం మేలే. చీరకు ఎంత ఇవ్వాలి, ఆటో కిరాయి ఎవరిది అన్నవి మాత్రం ఆ నిర్వచనం తేల్చదు.

దూరం నుంచి అన్నీ జరిగిపోతాయని కూడా నేను నమ్మను. ఆ సంగతి నేర్పిందీ సూరతే. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో ఊరు ఖాళీ అయింది. మరుసటి ఏడాది మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఊరిని ఆరు జోన్లుగా చేసి, నిర్ణయాధికారాన్ని జోన్ అధికారులకు పంచారు. ప్రతి పొద్దునా అధికారులు ఏసీ గదుల్లోంచి బయటికొచ్చి వీధుల్లో ఉండాలని కట్టడి చేశారు, తానూ వీధుల్లో నడిచారు. కొద్ది కాలానికే ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా చెప్పింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. రావు రాకముందు చెత్త గురించి చెప్పుకోవాలంటే పౌరుడే ఆఫీసు దాకా పోవాలి, వేచి ఉండాలి. ఆ దూరాన్ని ఆయన అధికారి కాళ్ల మీద పెట్టారు. దూరం ఖరీదు మోయగలిగినవాళ్ల చేత మోయించడం అంటే ఇదే.

అదే ఊళ్లో 2023 డిసెంబర్ 17న ఖజోద్ దగ్గర ప్రారంభమైన డైమండ్ బోర్స్ అనే వజ్రాల వ్యాపార కేంద్రం మరో పాఠం. తొమ్మిది టవర్లు, 4 వేలకు పైగా ఆఫీసులు కట్టినా, ముంబైలో వేళ్లూనిన వ్యాపారాలు వెంటనే తరలి రాలేదు. ఎదురుబొదురుగా కూర్చుని రాయిని వెలుగులో చూసి బేరం కుదుర్చుకునే నమ్మకం భవనంతో పాటు తయారు కాదు. అందుకే నేను కూడా కొత్త పని మొదలయ్యే ముందు ఒకసారి, పని చెడిందనుకున్నప్పుడు ఒకసారి హైదరాబాద్ వెళ్లి మనుషుల ఎదుట కూర్చుంటాను. ఆ రైలు టికెట్ నా ఖర్చే. అది నేను కట్టాల్సిన వంతు.

ప్రయాణిస్తూ పనిచేయాలనుకునే యువతీయువకులకు ఒక మాట. బయల్దేరే ముందు సామాను జాబితా కంటే ఖర్చుల జాబితా ముందు రాసుకోండి. కరెంటు, ఇంటర్నెట్, చోటు, వేళ, ఒక్కొక్కదాని పక్కన ఎవరు భరిస్తారో రాసి, పని ఇచ్చేవాళ్ల చేత సంతకం చేయించుకోండి. మీవల్ల సహోద్యోగికి పడే భారం కూడా ఆ జాబితాలో చేర్చి మీ వంతు మీరు కట్టండి.

ఇళ్లకు పని పంపించే వ్యాపారులకు ఇంకో మాట. ఎన్ని చీరలు ఇచ్చారో, చీరకు ఎంతో, ఏ రోజున డబ్బు ఇస్తారో ఒక చిన్న పుస్తకంలో రాసి పనిచేసే మనిషి చేతిలో పెట్టండి. మూట తెచ్చి ఇచ్చే ఖర్చు మీరు పెట్టుకోండి. మీ వీధిలో ఇలాంటి పని చేసే ఆడవాళ్లు ఉంటే, ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించడానికి చదువుకున్నవాళ్లు ఒక గంట వెచ్చించండి.

మన ప్రభుత్వం 177వ ఒడంబడికను ఆమోదించాలి. ఆమోదించి, ఇంటి నుంచి చేసే పనికి ముక్క చొప్పున కనీస కూలి నిర్ణయించాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడికి న్యాయమనిపించిన ఒప్పందం కత్తెర పట్టుకున్న మనిషికీ దక్కాలి.